కారు పూతల వరుస: పాలిష్, గ్లేజ్, సీలెంట్, వ్యాక్స్

కారు రంగు మీది క్లియర్‌కోట్‌ను నునుపు చేసి కాపాడే పూతల క్రమం ఇది. ముందు పాలిష్, తర్వాత గ్లేజ్, ఆపైన సీలెంట్, చివర వ్యాక్స్. పాలిష్ పైపొరను కాస్త అరగదీస్తుంది. మిగతావి పైన నిలిచే పూతలే. అందుకే వ్యాక్స్ వేశాక పాలిష్ రుద్దితే వ్యాక్స్ కాస్తా పోతుంది.

చిక్కంతా గ్లేజ్‌తోనే. అందులోని నూనెలు సన్నగీతలను కప్పేస్తాయి గానీ, చాలా సీలెంట్లను రంగుకు సరిగా పట్టనివ్వవు. రోజూ తిరిగే బండికి గ్లేజ్ మానేయడమే మేలు. సీలెంట్ సింథటిక్ పాలిమర్. డబ్బా మీద రాసినంతసేపు దాన్ని ఆరనిచ్చాకే, బ్రెజిల్‌లో పెరిగే తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే కార్నౌబా వ్యాక్స్ పూయాలి.

44వ నంబరు జాతీయ రహదారి మీది కామారెడ్డిలోనైనా, ఎల్లారెడ్డి పల్లెదారుల్లోనైనా ఈ పూతలకు ముందు అసలు పని దుమ్ము వదిలించడం. బానెట్‌ను పొడిగుడ్డతో తుడిస్తే ఇసుక రేణువులే గీతలు గీస్తాయి; నీళ్లు ధారగా పోసి, షాంపూతో కడగాలి. బోరునీటి చుక్కలు ఎండలో ఆరితే తెల్లమచ్చలు పడతాయి, వెంటనే తుడవాలి. ఎండాకాలం రేకు కాలుతుండగా ఏ పూతా వేయకూడదు; పొద్దున్నే నీడలో వేయాలి. ఇక, ముందే సిరామిక్ కోటింగ్ ఉన్న కారుకు పాలిష్ పెడితే ఆ కోటింగే అరిగిపోతుంది.