దీపస్తంభపు కటకము: దాని చరిత్ర, దాని పని

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతముల వారికి సముద్రము దూరము. మన కన్నులెరిగిన మహాజలరాశి నిజాంసాగరము. 1923లో ఆరంభమై 1931లో పూర్తియైన ఆ కట్ట వెనుక నిలిచిన మంజీర నీరు మన పొలములను తడుపుచున్నది. ఆ నది కందకుర్తి కడ గోదావరిలో కలిసి, గోదావరితోపాటు సముద్రమును చేరుచున్నది. 1766 మొదలు 1788 లోపల ఉత్తర సర్కారులు ఇంగ్లీషు కంపెనీ వశమైన పిదప నిజాము రాజ్యమునకు ఆ తీరముతో సంబంధము తెగిపోయెను. కావున దీపస్తంభమనగా మనలో పెక్కుమందికి పుస్తకములోని బొమ్మయే. అయినను ఆ స్తంభము కొనయందలి గాజుకటకము కథ ఎంత లోతట్టు ప్రాంతమువారైనను తెలిసికొనదగినది.

పగటివేళ నావికునకు కొండలు, చెట్లు, గోపురములు గురుతులు. చీకటి పడినంతనే అవన్నియు మాయమగును. తీరమునకు దగ్గర అగుచున్న కొలదియు మునిగియున్న రాళ్లు, ఇసుక మెట్టలు ఓడకు మృత్యువులగును. నేటి విజయనగరము జిల్లాలోని చింతపల్లి ఎదుట సముద్రములో అట్టి రాళ్లు గలవు. భీమునిపట్నము రేవునకు వచ్చు ఓడలను హెచ్చరించుటకై 1847లోనే అచ్చట చిన్న కొండపై దీపమును నెలకొల్పిరి. అంతకు పూర్వము 1796లో మదరాసు కోటలోని ఒక మేడపై కొబ్బరినూనె దీపములతో దీపగృహమును ఏర్పరచిరి. 1844లో కోట వెలుపల రాతిస్తంభము లేచెను.

అయితే స్తంభమును ఎంత ఎత్తుగా కట్టినను చిక్కంతయు దీపములోనే యుండెను. మన ఇంటి దీపమునే చూడుడు. వెలుగు నలుదిక్కులకు పోవును. పైకప్పునకు పోయిన వెలుగు చదువుకొను బిడ్డకు ఉపకరింపదు. అట్లే స్తంభము మీది దీపకాంతిలో అధికభాగము ఆకాశమునకును, నేలకును పోయి వ్యర్థమగుచుండెను. వెనుక లోహపు దర్పణములను పెట్టి చూచిరి. అవి కాంతిలో చాల భాగమును తామే మ్రింగుచుండెను. సముద్రపుగాలికి మెరుగు మాసిపోవుచుండెను.

ఈ చిక్కును విప్పినవాడు ఆగస్టిన్ ఫ్రెనెల్. ఆయన 1788లో ఫ్రాన్సులో జన్మించెను. వృత్తిచే రోడ్లు, వంతెనల ఇంజనీరు. కాంతి తరంగరూపమున ప్రసరించునని గణితముతో నిరూపింప యత్నించిన మేధావి. 1819లో ఆయనకు దీపస్తంభముల సంఘమున పని లభించెను.

మన పిల్లలు ఎండలో భూతద్దమును పట్టి కాగితమును కాల్చుట చూచియున్నారు. దూరమునుండి సమాంతరముగా వచ్చు కిరణములను అద్దము ఒక్క బిందువున కూర్చుచున్నది. దీనిని తిరుగవేసినచో, ఆ బిందువున దీపము పెట్టినచో, చెదరిపోవు కిరణములు సమాంతరమై దూరమునకు సాగును. కాని దీపస్తంభమునకు మనిషియెత్తు భూతద్దము కావలెను. అంత గాజును మందముగా పోతపోసినచో బరువు భరింపరానిదగును, కాంతియు అందులోనే తరిగిపోవును.

కాంతి వంగునది గాజు ఉపరితలమున మాత్రమే. నడుమనున్న మందము వలన ప్రయోజనము లేదు. ఆ మందమును తొలగించి, ఉపరితలపు వాలును మాత్రము నిలిపిన చాలును. మెట్ల కటకమను ఈ ఆలోచన ఫ్రెనెల్‌కు పూర్వమే బుఫాన్ వంటి పండితులకు తోచినది. దానిని లెక్కకట్టి, వేర్వేరు గాజు తునకలను అరగదీయించి, దీపస్తంభమునకు ఎక్కించి చూపినవాడు ఫ్రెనెల్. 1823లో ఫ్రాన్సు పశ్చిమతీరమున కోర్దువాన్ దీపస్తంభమున ఆ కటకము మొదట వెలిగెను.

దాని నడుమ ఎద్దుకన్ను వంటి గుండ్రని గాజు. దానిచుట్టు ఒకదాని వెలుపల ఒకటిగా గాజు వలయములు. ప్రతి వలయపు వాలును వేరుగా లెక్కించినదే. అంతకు పైకిని, క్రిందికిని పోవు కిరణములను పట్టుటకు ముక్కోణపు గాజు కడ్డీలు తరువాత వచ్చెను. కిరణము ఆ కడ్డీలో ప్రవేశించి, లోపలి ముఖమున పూర్తిగా ప్రతిఫలించి, సముద్రమువైపు వెడలును. అచ్చట రసపు పూత అక్కరలేదు. ఈ తునకలన్నియు ఇత్తడి చట్రములలో ఇమిడి గాజు తేనెపట్టువలె నిలుచును. పగటి వెలుగు సోకినచో వాని అంచులయందు ఇంద్రధనుస్సు రంగులు మెరయును. అయితే ఏ వంపును సొగసు కొరకు పెట్టినది కాదు. అన్నియు కాంతి పోవలసిన దారిని బట్టి ఏర్పడినవే.

పెద్ద తరగతి కటకమున దీపమునకును గాజునకును నడుమ 92 సెంటీమీటర్ల దూరముండును. పూర్వము కటకమును గడియారపు యంత్రముతో త్రిప్పెడివారు. బరువు మెల్లగా దిగుచుండ చక్రములు తిరుగుచుండెను. కావలివాడు రాత్రి లేచి మరల చావి ఇయ్యవలసియుండెను. 19వ శతాబ్దాంతమున కటకమును పాదరసపు తొట్టిలో తేల్చుట నేర్చిరి. అంతట టన్నుల బరువైనను వ్రేలితో త్రోసిన కదలుచుండెను. మెరుపునకు మెరుపునకు నడుమ కాలమును లెక్కించి, ఇది ఫలానా రేవు దీపమని నావికుడు గుర్తించును. పగటివేళ తెరలు దించుట మరువరాదు. సూర్యకాంతి వెలుపలినుండి లోనికి చొచ్చి ఒక్కచోట కూడి నిప్పు పుట్టింపగలదు.

మదరాసులో 1894లో హైకోర్టు గోపురముపై కొత్త దీపమును వెలిగించిరి. దాని పరికరములు బర్మింగ్‌హామ్ కడనున్న చాన్స్ సోదరుల కర్మాగారమునుండి వచ్చినవి. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మను నౌక ఎండెన్ మదరాసుపై గుండ్లు కురిపించి చమురు తొట్లను తగులబెట్టెను. నాడు ఆ దీపము ఎప్పటివలెనే వెలుగుచు తమకు దారి చూపెనని ఆ నౌకాధికారి ఒకడు పిదప వ్రాసెను. దీపమునకు మిత్రుడు, శత్రువు అను భేదము లేదు. 1977లో మెరీనా తీరమున కొత్త స్తంభము వచ్చుటతో హైకోర్టు దీపము విశ్రమించెను.

నేడు ఓడలకు ఉపగ్రహములు దారి చూపుచున్నవి. అయినను మెట్ల కటకము మనకు పరాయిది కాదు. ఎల్‌ఇడి దీపములు రాకమునుపు రైలు సంకేతదీపములందు ఇట్టి గాజు కటకములే ఉండెడివి. ఓడను చూడని గ్రామములందును, రైలుబండి నడుపువానికి దూరమునుండి రంగు కనబడినది వాని వలననే.

ఫ్రెనెల్ క్షయవ్యాధితో 1827లో 39వ ఏట మరణించెను. ఆయన కొత్త వెలుగును సృష్టింపలేదు. ఉన్న నూనెదీపపు వెలుగును వృథా కానీయక, అవసరమున్నవాని కంటికి చేర్చెను. ఆ వెలుగును చూచి రేవు చేరిన నావికులకు ఆయన పేరు తెలియకపోవచ్చును. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయమును నడపుచున్నవారి శ్రమయు అట్టిదే.