పాగా వేసినవాళ్ళు, టోపీ పెట్టినవాళ్ళు

మన కల్లూరు, కర్నూలు పల్లెల్లో తలపాగాను రుమాలంటారు. ఎండకు నీడ అదే, నెత్తిమీద మూటకు చుట్టకుదురు అదే, చెట్టుకింద పడుకుంటే పక్కగుడ్డ అదే. పెద్దరైతుకు అది మర్యాద. కూలివాడు మాత్రం ఆ రైతు ఎదుటికొస్తే తలగుడ్డ తీసి చంకలో పెట్టుకోవాల్సి వచ్చేది. కాబట్టి ఇది ఉత్త సోకు సంగతి కాదు.

సుగాలి తాండాల్లో మగవాళ్ళు పెద్ద పాగా చుట్టేవారు. నల్లమల చెంచులు జుట్టు పెంచి ముడి వేసేవారు. 1943లో అచ్చయిన హైమండార్ఫ్ పుస్తకం చెంచుల గురించే.

దొరలు బెండుటోపీ తెచ్చారు. మనవాళ్ళలో కొందరు పెట్టుకున్నారు గానీ, మన భాష దాన్ని నమ్మినట్టు లేదు. ఒకచోట గెలిచి నిలబడితే ‘పాగా వేశాడు’ అంటాం, మోసం చేస్తే ‘టోపీ పెట్టాడు’ అంటాం!

తర్వాత ఖద్దరు టోపీ వచ్చింది. సహాయ నిరాకరణ రోజుల్లో అది పెట్టుకోవడమే సర్కారుకు ఎదురు తిరగడం. అయితే గాంధీ 1921 సెప్టెంబరు 22న మదురైలో తన టోపీ, చొక్కా వదిలేసి కొల్లాయి కట్టారు. ఆ నెలాఖరుకు కర్నూలు వచ్చారు. అంటే, ఆ టోపీకి పేరిచ్చిన మనిషిని మన ఊరు టోపీ లేకుండానే చూసింది.

రుమాలును పోగొట్టింది టోపీ కాదు, కత్తెర అని నా లెక్క. జుట్టుముడి పోయి క్రాపు వచ్చాక, దువ్వుకున్న తల నలుగురికీ కనపడాలి గదా. బడికి, ఉద్యోగానికి పోయేవాళ్ళు ముందు వదిలారు. చేలో పనికి తువ్వాలు మిగిలింది.

మీ ఇంట్లో తాత ఫొటో ఉంటే తీసి చూడండి. ఆయన తలమీద ఏముండేదో, ఎవరి ముందు దాన్ని దించాల్సి వచ్చేదో అవ్వనడిగి రాసుకోండి.