డిస్క్‌కూ ఒక తారీఖ్ ఉంటుంది

ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ, చరిత్ర కూడా. ఉర్దూ మీడియంలో చదివిన నాకు ఈ రెండర్థాలూ ఒకటిగానే వినిపిస్తాయి. ఇన్‌స్టాలేషన్ డిస్క్ వేసినా కంప్యూటర్ మొదలవడం లేదని ఎవరైనా అంటే నేను ముందు అడిగేది అదే: మిషన్ తారీఖ్ ఏది, డిస్క్ తారీఖ్ ఏది?

తిరుపతి, చిత్తూరు వైపు మన ఇళ్లలో భాయీజాన్ వాడి వదిలేసిన కంప్యూటర్ ఉంటుంది, కువైట్ నుంచి మామూ తెచ్చిన లాప్‌టాప్ ఉంటుంది, ఎవరో ఇచ్చిన డిస్క్ ఉంటుంది. మూడూ మూడు జమానాలవి. వాటికి మాట కలవకపోతే "ఖరాబ్ అయిపోయింది" అని ఫైసలా చేసేస్తాం.

1981లో ఐబీఎం పీసీ వచ్చింది. స్విచ్ వేయగానే బయాస్ అనే చిన్న ప్రోగ్రాం లేచి ఫ్లాపీ వైపు చూసేది. అందులో మొదటి 512 బైట్లు చదివి, ఇఖ్తియార్ దానికి అప్పగించేది. సీడీ అనే వస్తువు దానికి తెలియదు. 1995లో ఫీనిక్స్, ఐబీఎం కంపెనీలు ఎల్ టొరిటో అనే పద్ధతి రాశాకే సీడీ నుంచి బూట్ కావడానికి ఒక కాయదా ఏర్పడింది. అదే ఏడాది షాపుల్లోకి వచ్చిన విండోస్ 95 సీడీకి మాత్రం ముందు బూట్ ఫ్లాపీ కావలసి వచ్చేది.

2001 నాటి ఎక్స్‌పీ డిస్క్ మొదలవుతుంది గానీ, తర్వాతి కాలపు సాటా హార్డ్ డిస్క్ దానికి కనబడదు, లేదా నీలి తెర వస్తుంది. బయాస్‌లో ఏహెచ్‌సీఐ బదులు ఐడీఈ పెట్టే వీలుంటే దారి దొరుకుతుంది. 2007లో విస్టా డీవీడీ మీద వచ్చింది. సీడీ డ్రైవ్ దాన్ని చదవలేదు, రెండింటి లేజర్లు వేరు. 2012లో విండోస్ 8తో సెక్యూర్ బూట్ మన ఇళ్లకు చేరింది. తాను నమ్మే దస్తఖత్ లేని డిస్క్‌ను అది గుమ్మం దగ్గరే ఆపేస్తుంది.

అందుకని తర్తీబ్ ముఖ్యం. ముందు బూట్ మెనూలో డిస్క్ డ్రైవ్‌ను ఎంచుకోండి. అదే డ్రైవ్‌లో వేరే డిస్క్, ఇదే డిస్క్ వేరే కంప్యూటర్‌లో వేసి చూడండి. తప్పు ఎవరిదో అక్కడే తేలుతుంది. ఐఎస్ఓ ఫైల్‌ను మామూలు ఫైల్‌లా సీడీలోకి కాపీ చేస్తే బూట్ కాదు, ఇమేజ్‌గా రాయాలి. ఇవన్నీ సరిగా ఉంటేనే సెక్యూర్ బూట్, లెగసీ సెట్టింగుల జోలికి వెళ్లండి.

ఇంత చెప్పడానికి కారణం విండోస్ కాదు. ఆ హార్డ్ డిస్క్‌లో మర్హూమ్ అబ్బా గొంతు ఉండొచ్చు, నికానామా స్కాన్ ఉండొచ్చు. షాపులో "ఫార్మాట్ కొట్టేద్దాం" అనడం ఆసాన్. 2000లో జర్మనీకి చెందిన క్లాస్ నాపర్ చేసిన నాపిక్స్, హార్డ్ డిస్క్ మీద ఏమీ ఎక్కించకుండా సీడీ నుంచే నడిచే లినక్స్. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ లినక్స్ మీదే తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసింది. ఇలాంటి లైవ్ డిస్క్‌తో మిషన్ తెరిచి, ఫొటోలూ కాగితాలూ పెన్ డ్రైవ్‌లోకి తీసుకోవచ్చు. హార్డ్ డిస్క్ టకటకమని చప్పుడు చేస్తుంటే మాత్రం వెంటనే ఆపేసి, డేటా తీయడం తెలిసిన ఉస్తాద్‌కు చూపించండి.

ఫార్మాట్‌కు "హా" అనేముందు ఒక్క మాట అడగండి: లోపలున్నవన్నీ బయటికి తీశారా?