చేతితొడుగుల అర

కారులో ముందు సీటు ఎదురుగా ఉండే అరను మనలో చాలామందిమి ‘డాష్‌బోర్డు’ అనేస్తాం. నిజానికి డాష్‌బోర్డు గుర్రపుబండి నాటి మాట. గుర్రం డెక్కలు చిమ్మే బురద మీద పడకుండా ముందు బిగించిన చెక్క అది. అర అసలు పేరు గ్లవ్ బాక్స్. తొలినాళ్ల కార్లలో చాలావాటికి టాపు లేదు, ముందు అద్దం లేదు, హీటర్ అసలే లేదు. చలిదేశాల్లో చేతితొడుగులు లేనిదే స్టీరింగ్ పట్టుకోవడం కష్టం.

1906లో గంటకు 146 కిలోమీటర్ల వేగం అందుకున్న బ్రిటిష్ డ్రైవర్ డొరొతీ లెవిట్, 1909లో స్త్రీల కోసం కారు నడపడం గురించి ఒక పుస్తకం రాశారు. సీటు కింది సొరుగులో చేతితొడుగులు, చాక్లెట్లు, ఒక చిన్న అద్దం ఉంచుకోమన్నారు. ఆ అద్దం ముఖం చూసుకోవడానికే కాదు, అప్పుడప్పుడు పైకెత్తి వెనక వచ్చే బండిని చూడటానికి కూడా! రెండేళ్ల తర్వాత, 1911 ఇండియానాపోలిస్ పందెంలో రే హారూన్ కారుకే అద్దం బిగించి గెలిచాడు. రియర్ వ్యూ మిర్రర్ అనగానే అందరూ ఆయన్నే తలుస్తారు. నా లెక్కలో మాత్రం ముందు పేరు ఆవిడదే.

తర్వాత అర డాష్‌బోర్డులోకి చేరింది. 1957 క్యాడిలాక్ ఎల్డొరాడో బ్రూమ్‌లోనైతే అందులో అయస్కాంతంతో నిలబడే గ్లాసులు కూడా ఇచ్చారు. ఆ పైన ప్యాసింజర్ ఎయిర్‌బ్యాగ్ వచ్చి చోటు లాక్కుంది. ఇప్పుడు అందులో ఆర్‌సీ, ఇన్సూరెన్స్ కాగితాలు, ఏనాటివో టోల్ రసీదులు. పొల్యూషన్ సర్టిఫికెట్ మాత్రం చెకింగ్ వేళకే కనబడదు.