ఉదయగిరి చెక్క గరిటెలు: దుర్గం దిగువన ఒక ఉపవృత్తి

నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, సుమారు 3,000 అడుగుల ఎత్తున్న దుర్గం కొండ దిగువన ఉన్న ఉదయగిరి, చరిత్ర గ్రంథాలలో ముట్టడుల ఊరుగానే ఎక్కువగా కనిపిస్తుంది. గజపతుల చేతిలో ఉన్న ఈ కోటను శ్రీకృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడించి 1514లో వశపరచుకుని, ఇక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని విజయనగరానికి తరలించడం ప్రసిద్ధమే. తరువాత గోల్కొండ సుల్తానుల, ఆర్కాటు నవాబుల ఏలుబడి సాగి, 1839 ప్రాంతంలో ఈస్టిండియా కంపెనీపై కుట్ర పన్నాడన్న అభియోగంతో ఇక్కడి జాగీర్దారును తొలగించడంతో ఊరి రాచరికపు ఘట్టం ముగిసింది. ఇళ్ల వసారాలలో చెక్క చెంచాలు చెక్కే పనికి మాత్రం ఈ కథనంలో చోటు దక్కలేదు.

కొయ్య గరిటె మన దేశంలో చాలా పాతది. యజ్ఞంలో నేతిని ముంచి పోసే స్రువాన్ని చండ్ర కొయ్యతోను, హోమద్రవ్యాన్ని అగ్నిలో వేల్చే పొడవైన గరిటె అయిన జుహువును మోదుగ కొయ్యతోను చేయాలని వైదిక వాఙ్మయం నియమించింది; అంటే ఏ పనిముట్టుకు ఏ కలప అన్న విచారణ అప్పటికే స్థిరపడిందన్నమాట. తెలుగు వంటింట్లోనూ మట్టికుండ గీరుకుపోకుండా సంగటి కెలకడానికి, చింతపండు పులుసు తగిలినా చిలుము పట్టకుండా ఉండడానికి కొయ్య తెడ్డే అనువైనది.

ఉదయగిరి పని ప్రత్యేకత దాని కలపలో ఉంది. వాన తక్కువైన ఈ కొండలలో ద్వారబంధాలకు, దూలాలకు పనికివచ్చే మహావృక్షాల కంటే, నిదానంగా ఎదిగే బిక్కి, దేవదారి, పాలబరింక, నర్ది వంటి చిన్న చెట్లే పేరుపొందాయి. (ఇక్కడి దేవదారి హిమాలయాల దేవదారు కాదు, ఎర్రని చేవగల మెట్ట చెట్టు.) నిదానపు ఎదుగుదల వల్ల కలప నార దగ్గరగా, బిగువుగా ఉంటుంది. బిక్కి కొయ్య పూర్వం దువ్వెనలకు వాడుకలోకి రావడానికి కూడా ఇదే కారణం, ఎందుకంటే సన్నని పళ్లు విరగకుండా నిలవాలంటే నార బిగువు తప్పనిసరి. కొయ్యను రంపంతో తుండ్లుగా కోసి, బాడిసతో ముతకగా రూపు తెచ్చి, ఉలితో గుంట తొలిచి, ఆకురాయితో అంచులు అరగదీసి, చివర గరుకు కాగితంతో నునుపు చేస్తారు. కాడ పొడవునా నార సాగేలా తుండును ఎంచుకోకపోతే చెంచా మెడ దగ్గరే విరుగుతుంది. పచ్చి కొయ్యను హడావిడిగా ఎండలో ఆరబెడితే గుంట అంచు నెర్రెలిస్తుంది.

ఈ పనికి పారశీక ప్రభావం మూలమని, నవాబుల కాలంలో వచ్చిందని పనివారి నడుమ చెప్పుకుంటారు. పనివారిలో ముస్లిం కుటుంబాల ప్రాధాన్యాన్ని, కాడలపై కనిపించే జాలీ పనిని బట్టి చూస్తే ఆ మాటను తోసిపుచ్చనక్కరలేదు. అయితే ఉదయగిరి సరుకులో చెంచాలతోపాటు ఫోర్కులు, వెన్న రాసే కత్తులు కూడా ఉన్నాయి. చేత్తో తినే తెలుగు పంక్తికీ, నవాబుల దస్తర్‌ఖానుకూ ఫోర్కుతో పని లేదు. కాబట్టి అలంకరణ ఎంత పాతదైనా, నేటి సెట్టు రూపం దొరల భోజనపు బల్లను, ఆ తరువాతి నగర విపణిని ఉద్దేశించి ఏర్పడిందని భావించడమే సమంజసం.

పెట్టుబడి పెద్దగా అక్కరలేని పని కావడం వల్లనే ఇది ఉపవృత్తిగా, అంటే ఇంటిపని నడుమ దొరికిన వేళల్లో సాగే పనిగా నిలిచింది. నేడు దీనిలో స్త్రీలదే ప్రధాన పాత్ర. లేపాక్షి విక్రయశాలలు, ప్రదర్శనలు దీనికి దూరపు కొనుగోలుదారులను చూపగా, ఒక వస్తువు పేరును దాని పుట్టినచోటుకే పరిమితం చేసే చట్టబద్ధ గుర్తింపు అయిన భౌగోళిక సూచిక కూడా ఈ సరుకుకు లభించింది. ఆ గుర్తింపు వల్ల ఇతరులు ఉదయగిరి పేరు వాడుకోకుండా అడ్డుకోవచ్చు గాని, పనివారిని వేధిస్తున్న కలప కొరత తీరదు. దుర్గం కొండ వాలులో ఈ చెట్లను తిరిగి పెంచి, పనివారికి ఏటా కొంత కలప న్యాయమైన ధరకు అందే ఏర్పాటును ప్రభుత్వం చేయవలసి ఉంది.