పాత ట్రాక్టరు: బాగుచేయించాలా, వదులుకోవాలా?



ఇంజను చెడిన పాత ట్రాక్టరును బాగుచేయించాలా, అమ్మివేయాలా అని తర్జనభర్జన పడే రైతులు ప్రతి మండలంలోను ఉన్నారు. "మా నాయన మూడుసార్లు ఇంజను దింపించి నడిపిండు, ఇప్పుడు మేమెందుకు వద్దనుకోవాలె?" అని అడుగుతారు. ప్రశ్న న్యాయమైనదే. దీనికి జవాబు కొంత చరిత్రలో ఉన్నది, కొంత లెక్కలో ఉన్నది.

మొదట చరిత్ర చూద్దాం. 1947లో కేంద్ర ప్రభుత్వం సెంట్రల్ ట్రాక్టర్ ఆర్గనైజేషన్ అనే సంస్థను నెలకొల్పింది. యుద్ధం ముగిశాక అమెరికా సైన్యం మన దేశంలో వదలివెళ్లిన ట్రాక్టర్లతోనే ఆ సంస్థ పని ఆరంభించింది. రెల్లుగడ్డి వేళ్లూనిన బీళ్లను లోతుగా దున్ని సాగులోకి తేవడం దాని పని. పని పెద్దది, పాత యంత్రాలతో సాగేది కాదు. అందుచేత 1949లో ప్రపంచ బ్యాంకు నుంచి కోటి డాలర్ల అప్పు మంజూరు చేయించుకొని కొత్త యంత్రాలకు ఏర్పాటు చేశారు. అంటే పాతదా, కొత్తదా అన్న ప్రశ్న సర్కారుకు కూడా తప్పలేదన్నమాట.

రైతుకు మాత్రం అంత వెసులుబాటు లేదు. 1959లో ఫరీదాబాదులో ఐషర్, ఆ తరువాత మద్రాసులో టాఫే, 1971లో పింజోరులో హెచ్.ఎం.టి., 1974లో మొహాలీలో స్వరాజ్ ట్రాక్టర్లు తయారుకాసాగాయి. అయినా గిరాకీకి చాలినన్ని లేవు. 1971లో ట్రాక్టర్ల పంపిణీ, అమ్మకాల మీద ప్రభుత్వమే నియంత్రణ ఉత్తర్వు తేవలసి వచ్చింది. డబ్బు చేతిలో ఉన్నా బండి దొరకని రోజులవి. కనుక పెద్దలు పాత ఇంజనునే మళ్లీ మళ్లీ బాగుచేయించారు. వారికి వేరే దారి లేదు.

ఇప్పుడు కాలం మారింది. ఎర్రగడ్డ మీదుగా పోయే ముంబై రోడ్డు పట్టుకొని పడమరకు వెళితే జహీరాబాదులోనే 2013లో మహీంద్రా ట్రాక్టర్ల కర్మాగారం వెలసింది. బండి దొరకడం కష్టం కాదు. కష్టమల్లా పాత బండికి సామాను దొరకడంలో ఉంటుంది.

ఈ సంగతిలో కంపెనీల చరిత్ర అక్కరకు వస్తుంది. ఐషర్ ట్రాక్టర్ల వ్యాపారం 2005లో టాఫే చేతికి వచ్చింది. స్వరాజ్ తయారుచేసిన పంజాబ్ ట్రాక్టర్స్ 2009లో మహీంద్రాలో కలిసిపోయింది. యజమాని మారినా ఆ పేర్లతో ట్రాక్టర్ల తయారీ ఆగలేదు. హెచ్.ఎం.టి. ట్రాక్టర్ల విభాగాన్ని మాత్రం మూసివేయాలని 2016లో కేంద్రం నిర్ణయించింది. చెకోస్లొవేకియా జెటార్ నమూనాపై వచ్చిన హెచ్.ఎం.టి. 2511 గట్టి బండే. అయితే అటువంటి బండి ఉన్నవారు ఇంజను విప్పించక ముందే లైనర్లు, పిస్టన్లు, బేరింగులు ఎక్కడ దొరుకుతాయో విచారించుకోవాలి. విప్పిన తరువాత వెతకడమంటే దుక్కి అదును పోగొట్టుకోవడమే.

ఎర్రగడ్డ ఆదివారం సంత పాత సామానుకు పేరుపడింది. పానాలు, సుత్తులు వంటివి అలాంటి చోట చూసి కొనుక్కోవచ్చు. పిస్టను, బేరింగు, నాజిలు మాత్రం ఎక్కడైనా కంటిచూపుతో కొనరాదు. అరుగుదల కంటికి ఆనదు, కొలత తీస్తేనే తెలుస్తుంది.

ఇక రోగం ఏమిటో తెలుసుకోవాలి. నల్లపొగ వస్తే ఎయిర్ క్లీనరు పూడుకుపోయి ఉండవచ్చు, నాజిళ్లు చెడి ఉండవచ్చు. ఇది చిన్న ఖర్చు. నీలిపొగ వస్తూ ఆయిలు తరుగుతుంటే రింగులు, లైనర్లు అరిగాయని అనుమానించాలి. ఇంజను వేడెక్కినా తెల్లపొగ ఆగక, రేడియేటరులో నీళ్లు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ చూపించాలి. ఆయిలు పాలరంగుకు తిరిగితే అందులో నీళ్లు చేరినట్టే. అప్పుడు బండిని నడపనే కూడదు. క్రాంకు దెబ్బతిన్నదంటే ఖర్చు పెద్దది. గేరుబాక్సు, హైడ్రాలిక్కు కూడా అరిగి ఉంటే ఇంజను ఒక్కటే బాగుచేయించి లాభం లేదు.

చివరికి లెక్క. ఉదాహరణకు మరమ్మతు రూ. 90,000 అనుకుందాం. కిరాయి బండి గంటకు రూ. 1,000. సొంత బండికి డీజిలు, ఆయిలు, డ్రైవరు కూలి కలిపి గంటకు రూ. 600. మిగులు గంటకు రూ. 400. ఏడాదికి 100 గంటల పని ఉంటే రూ. 40,000 మిగిలి, రెండేళ్ల మూడు నెలల్లో ఖర్చు తిరిగివస్తుంది. అదే 30 గంటల పనే ఉంటే మిగిలేది రూ. 12,000. ఏడున్నరేళ్లు పడుతుంది. అంతకాలం ఆ ఇంజను మళ్లీ మొరాయించదని ఎవరు చెప్పగలరు? అటువంటి రైతు బండిని ఉన్నదున్నట్టు అమ్మి, కిరాయికి దున్నించుకోవడం మేలు. మీ ఊరి ధరలు వేసుకొని మీరే ఈ లెక్క కట్టి చూడండి.

విస్తరణ సిబ్బందికి ఒక మాట. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో 1983లో ఏర్పడిన కేంద్ర సంస్థ వ్యవసాయ యంత్రాల వాడకం, సంరక్షణలో శిక్షణ ఇస్తుంది. ఊరికొక యువకుడు ఇటువంటి శిక్షణ పొందినా ఎన్నో ఇంజన్లు షెడ్డు దాకా పోకుండా ఆగుతాయి.

నాయన నడిపిన బండి మీద మమకారం ఉండడం సహజమే. దాన్ని కాదనే పని లేదు. కాని మేస్త్రీతో బేరం కుదుర్చుకునే ముందు సామాను జాబితా, ఖర్చు, ఏడాదికి ఎన్ని గంటల పని అన్న మూడూ కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం చూసిన తరువాతే ఇంజను విప్పించండి.