స్మార్ట్ వాచ్‌తో ప్రెగ్నెన్సీ ట్రాకింగ్: ఏం చెబుతుంది? ఏం చెప్పలేదు?

సికింద్రాబాద్: తిరుమలగిరి, అల్వాల్ వైపు నుంచి హైటెక్ సిటీకి నైట్ షిఫ్ట్‌కి వెళ్లే అమ్మాయిల చేతికి స్మార్ట్ వాచ్ ఇప్పుడు మామూలే. అడుగులు, నిద్ర లెక్కలతో ఆగట్లేదు. "ఈ వారం ప్రెగ్నెన్సీకి ఛాన్స్ ఎక్కువ" అని కూడా చెప్పేస్తోంది. దాన్ని ఎంతవరకు నమ్మొచ్చు?

ఎలా పనిచేస్తుంది?

అండం విడుదలయ్యాక ప్రొజెస్టిరాన్ హార్మోన్ పెరిగి, ఒంటి వేడి 0.3 నుంచి 0.5 డిగ్రీల సెల్సియస్ వరకు పెరుగుతుంది. పొద్దున్నే మంచం దిగకముందే థర్మామీటర్‌తో చూసుకోవడం పాత పద్ధతి. ఆ పనే ఇప్పుడు ఔరా రింగ్, యాపిల్ వాచ్ లాంటివి నిద్రలో చేస్తున్నాయి. యాపిల్ ఈ సెన్సర్‌ను 2022లో సిరీస్ 8తో తెచ్చింది.

అసలు మెలిక ఇక్కడే

వేడి పెరిగేది అండం విడుదలయ్యాకే. అండం బతికేది 12 నుంచి 24 గంటలు. అంటే వాచ్‌కి సంగతి తెలిసేసరికి ఆ నెల ఛాన్స్ దాదాపు అయిపోయినట్టే! వచ్చే నెలకి చూపించే తేదీలు పాత నెలల లెక్కతో వేసిన అంచనా మాత్రమే. పీరియడ్స్ టైమ్‌కి వచ్చేవాళ్లకి ఇది పనికొస్తుంది. పీసీఓఎస్ ఉన్నా, నైట్ షిఫ్టులతో నిద్ర వేళలు మారుతున్నా, జ్వరం వచ్చినా లెక్క తప్పొచ్చు.

ముందే తెలియాలంటే మెడికల్ షాపులో దొరికే ఓవులేషన్ కిట్ ఉంది. అండం విడుదలకు ఒకటి రెండు రోజుల ముందు పెరిగే ఎల్‌హెచ్ హార్మోన్‌ను యూరిన్‌లో పట్టేస్తుంది. పీసీఓఎస్ ఉంటే ఇది కూడా తప్పు చూపించొచ్చు.

'సేఫ్ డేస్' అనుకోవద్దు

పిల్లలు ఇప్పుడే వద్దనుకునేవాళ్లు వాచ్ చూపించే తేదీలపై ఆధారపడొద్దు. తమ ఫీచర్ గర్భనిరోధక పద్ధతి కాదని యాపిలే చెబుతోంది.

ప్రెగ్నెన్సీ వచ్చాక?

గర్భంతో ఉన్నప్పుడు గుండె వేగం పెరగడం సహజం. వాచ్‌లో నంబర్ ఎక్కువ చూపించిందని వెంటనే కంగారు పడక్కర్లేదు. కానీ వాచ్ నార్మల్ అంటోంది కదా అని ఊరుకోవడం మాత్రం ప్రమాదం. అది కడుపులో బిడ్డని చూడలేదు. షుగర్ సంగతీ అంతే. సూది గుచ్చకుండా షుగర్ చెబుతామనే వాచ్‌లు, రింగులు వాడొద్దని అమెరికా ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది.

ఈ లక్షణాలుంటే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి:

• బిడ్డ కదలికలు ఎప్పటికంటే తగ్గడం
• తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం
• ముఖం, చేతులు ఒక్కసారిగా వాయడం
• రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం

మీ డేటా ఎక్కడికి వెళ్తోంది?

పీరియడ్స్ యాప్ ఫ్లో యూజర్ల వివరాలను ఫేస్‌బుక్, గూగుల్ లాంటి సంస్థలకు ఇచ్చిందన్న ఆరోపణలపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు వేసింది. అది 2021లో సెటిల్ అయింది. అందుకే యాప్ వేసుకోగానే ప్రైవసీ సెట్టింగ్స్ చూసుకోండి. అడిగిన ప్రతి పర్మిషన్ ఇవ్వక్కర్లేదు.

ఇది మర్చిపోవద్దు

వాచ్ ఉండేది భార్య చేతికే. కానీ పిల్లలు కలగకపోవడానికి కారణం భర్తలోనూ ఉండొచ్చు. ఏడాది ప్రయత్నించినా ఫలితం లేకపోతే ఇద్దరూ కలిసి డాక్టర్‌ను కలవాలి. ఆమెకు 35 దాటితే ఆరు నెలలకే వెళ్లాలి.

గర్భిణులకు ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆస్పత్రుల్లో ప్రధానమంత్రి సురక్షిత్ మాతృత్వ అభియాన్ కింద ఉచిత చెకప్ ఉంటుంది. ఆస్పత్రికి వెళ్లి రావడానికి 102 అమ్మ ఒడి వాహనం ఉచితం, ఎమర్జెన్సీ అయితే 108. వాచ్ రీడింగ్స్ ఉంటే డాక్టర్‌కి చూపించండి. బీపీ, రక్త పరీక్ష, స్కానింగ్ మాత్రం మానొద్దు.